కృతజ్ఞతా దినం సంతాప దినంగా మారినప్పుడు: లింకన్ మరణం, ప్రసంగ పీఠం నేర్చుకోవలసింది

1865 ఏప్రిల్ 11, మంగళవారం సాయంత్రం అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వైట్‌హౌస్ కిటికీ దగ్గర నిలబడి జనంతో మాట్లాడాడు. అంతకు రెండు రోజుల ముందే అపొమాటక్స్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య నాలుగేళ్ల అంతర్యుద్ధం ఇక ముగిసినట్టే. ఈ సంతోషంలో సకల ఆశీర్వాదాలకు మూలమైనవాణ్ణి మరిచిపోకూడదనీ, జాతీయ కృతజ్ఞతా దినం కోసం పిలుపు సిద్ధమవుతోందనీ ఆయన ఆ ప్రసంగం మొదట్లోనే చెప్పాడు. ఆ పిలుపు ఆయన చేతి మీదుగా వెలువడలేదు. శుక్రవారం రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో తూటా తగిలింది. శనివారం ఉదయం 7:22కి ప్రాణం పోయింది. ఆ శుక్రవారం గుడ్‌ఫ్రైడే, వచ్చే ఆదివారం ఈస్టర్.

ఉత్తరాది రాష్ట్రాల్లో సంఘకాపరుల మీద పడ్డ బరువు ఎంతటిదో దీన్నిబట్టి ఊహించవచ్చు. టెలిగ్రాఫ్ వార్త శనివారం ఉదయానికే పట్టణాలకు చేరింది. పునరుత్థానం మీద రాసుకున్న ప్రసంగం బల్ల మీద ఉంది. విజయానికి స్తుతి చెల్లించాలని ఆ వారమంతా అనుకున్నారు. ఇప్పుడు ఒక్క రాత్రిలో మరో ప్రసంగం రాయాలి. ఆదివారం గుళ్లు కిక్కిరిశాయి. ఈస్టర్ పూల పక్కనే పీఠాలకు నల్లగుడ్డ చుట్టారు. ఆనాటి ప్రసంగాలు, ఆ తర్వాతి వారాల్లో చేసినవి వందల సంఖ్యలో అచ్చయి మిగిలాయి. దేశనాయకుడు చనిపోయినప్పుడు క్రైస్తవ పీఠం ఏం మాట్లాడుతుంది, ఎక్కడ కాలు జారుతుంది అన్నది చూడాలంటే ఇంతకన్నా పెద్ద నిధి దొరకదు.

కాలు జారిన చోట్లు మూడు. అన్నిటికన్నా హాని చేసింది ఒకటుంది. దాని గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

దేవుడు లింకన్‌ను ఎందుకు తీసుకుపోయాడన్న ప్రశ్నకు చాలామంది ప్రసంగీకులు ఆ ఆదివారమే జవాబు చెప్పేశారు. లింకన్ మెత్తని మనిషి, యుద్ధం గెలిపించడం వరకే ఆయన పని, తిరుగుబాటుదారులకు తగిన శిక్ష వేయడానికి ఇంకా గట్టివాడు కావాలి, అందుకే దేవుడు ఆయన్ని పక్కకు తప్పించి ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను నిలబెట్టాడు. స్థూలంగా ఇదీ వాదం. ద్రోహం నేరమని, దానికి శిక్ష పడాల్సిందేనని జాన్సన్ అప్పట్లో గట్టిగా మాట్లాడేవాడు కాబట్టి వినేవాళ్లకు ఇది అతికినట్టే ఉంది.

ఆరు వారాలు తిరిగేసరికే అది బీటలు వారింది. మే 29న జాన్సన్ సామూహిక క్షమాభిక్ష ప్రకటించాడు. 20,000 డాలర్లకు మించి ఆస్తి ఉన్న పెద్ద భూస్వాములు విడిగా అర్జీ పెట్టుకోవాలన్నాడు. అర్జీలు పెట్టినవాళ్లకు వేలల్లో క్షమాపణలు దొరికాయి, వాటితో పాటే భూములూ తిరిగొచ్చాయి. ఆ భూముల కథ సంఘానికి ఇంకా దగ్గరిది. 1865 జనవరి 12న జార్జియాలోని సవానాలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ 20 మంది నల్లజాతి సంఘ పెద్దలను పిలిచి, మీకేం కావాలని అడిగాడు. వాళ్ల తరఫున మాట్లాడిన బాప్టిస్టు బోధకుడు గారిసన్ ఫ్రేజియర్ భూమి అడిగాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన సైనిక ఉత్తర్వుతో తీరప్రాంతంలో కుటుంబానికి 40 ఎకరాల దాకా కేటాయించడం మొదలైంది. జాన్సన్ క్షమాభిక్షలతో ఆ పొలాల్లో చాలా భాగం పాత యజమానుల చేతికే పోయింది. ఏడాది తిరిగేలోపు మిసిసిపి, సౌత్ కరొలైనాలు నల్లజాతి వారిని మళ్లీ కట్టిపడేసే చట్టాలు చేశాయి. 1866 మార్చిలో పౌరహక్కుల బిల్లును జాన్సన్ తిప్పికొట్టాడు. 1868లో ప్రతినిధుల సభ ఆయన మీద అభిశంసన పెట్టింది. సెనేట్‌లో 35–19తో, కావలసిన మూడింట రెండొంతులకు ఒక్క ఓటు తక్కువై బయటపడ్డాడు.

లింకన్‌ను తీసి జాన్సన్‌ను నిలబెట్టడంలో దేవుని ఉద్దేశం ఫలానాది అని ఈస్టర్ నాడు ఖాయం చేసినవాళ్ల మాట ఇలా తేలిపోయింది. తప్పు వాళ్ల దేశభక్తిలోనూ లేదు, దుఃఖంలోనూ లేదు. యేసు తానే ఆపిన పని వాళ్లు చేశారు. పిలాతు చంపించిన గలిలయుల సంగతి, సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతి లూకా 13లో వస్తుంది. వాళ్లెందుకు చనిపోయారన్న లెక్క యేసు తేల్చడు. మారుమనస్సు పొందాల్సింది వింటున్న మీరేనని మాట తిప్పుతాడు. 24 గంటల్లో దేవుని చిత్తాన్ని వివరించాలని కూర్చున్న ప్రసంగీకుడు తనకు తెలియకుండానే తన రాజకీయ కోరికను దేవుని నోట పెడతాడు. 1865లో ఆ కోరిక ప్రతీకారం.

రెండో జారుడు గుడ్‌ఫ్రైడే పోలిక. తేదీలు కలిశాయి కాబట్టి జనం పాపాలకు లింకన్ బలయ్యాడన్న మాట చాలా పీఠాల నుంచి వినబడింది. వినేటప్పుడు కంటనీరు తెప్పించే మాటే. కానీ నాయకుణ్ణి సిలువ దగ్గరికి తీసుకెళితే ఎదుటిపక్షం తనంతట తానే సిలువ వేసినవాళ్ల స్థానంలోకి పోతుంది. అక్కడి నుంచి పగకు ఎక్కువ దూరం లేదు. దీనికన్నా జాగ్రత్తైన పోలిక మోషే. ఏప్రిల్ 23న బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చిలో హెన్రీ వార్డ్ బీచర్ ద్వితీయోపదేశకాండము 34 తీసుకున్నాడు. నెబో కొండ మీద నుంచి వాగ్దాన దేశాన్ని చూసి, అందులో అడుగు పెట్టకుండానే చనిపోయిన మోషే కథ అది. ఈ పోలికలో నాయకుడు మనిషిగానే ఉంటాడు, పని అసంపూర్తిగా ఉంటుంది, నది దాటాల్సింది జనమే. విడుదలైన బానిసలు లింకన్‌ను బతికుండగానే మోషే అని పిలిచారన్నది కూడా మరవకూడదు. ఆ మాట పీఠాల కన్నా ముందు వాళ్ల ప్రార్థనల్లోనే పుట్టింది.

మూడోది చిన్నది, కాస్త ఇబ్బందికరమైనది. గుడ్‌ఫ్రైడే రాత్రి అధ్యక్షుడు నాటకశాలలో ఉండటమేమిటని కొందరు ప్రసంగీకులు పీఠం మీదే నొచ్చుకున్నారు. చనిపోయినవాడి చివరి గంటను తప్పుపట్టడానికి అంత్యక్రియల వారం సమయం కాదు.

సరిగ్గా మాట్లాడినవాళ్లూ ఉన్నారు. లింకన్ కుటుంబం వెళ్లే న్యూయార్క్ అవెన్యూ ప్రెస్బిటేరియన్ చర్చి కాపరి ఫినియస్ గర్లీ ఆ రాత్రి మరణశయ్య పక్కనే ఉన్నాడు. 1862లో లింకన్ కొడుకు విల్లీ చనిపోయినప్పుడు అంత్యక్రియలు జరిపించింది కూడా ఆయనే. ఏప్రిల్ 19న వైట్‌హౌస్ ఈస్ట్ రూమ్‌లో జరిగిన ఆరాధనను నలుగురు బోధకులు పంచుకున్నారు. ఎపిస్కోపల్ కాపరి హాల్ సమాధి క్రమం చదివాడు. మెథడిస్టు బిషప్ సింప్సన్, బాప్టిస్టు బోధకుడు గ్రే ప్రార్థనలు చేశారు. గర్లీ వాక్యం చెప్పాడు. తీసుకున్న వచనం మార్కు 11:22, ‘మీరు దేవునియందు విశ్వాసముంచుడి’. లింకన్ ఆ చర్చికి క్రమంగా వెళ్లేవాడే కానీ ఏ సంఘంలోనూ సభ్యత్వం తీసుకోలేదు. కాబట్టి కాపరి చేతిలో సభ్యత్వ పుస్తకపు సాక్ష్యం లేదు. చనిపోయిన మనిషి విశ్వాసం మీద కన్నా బతికున్నవాళ్లు ఇప్పుడు ఎవరిని నమ్మాలన్న దాని మీద బరువు పెట్టే వచనం ఎంచుకోవడం అలాంటి చోట తెలివైన పని.

నిజానికి దేవుని ఉద్దేశం గురించి ఎంత మాట్లాడాలో లింకన్ తానే నేర్పిపోయాడు. చనిపోవడానికి 6 వారాల ముందు, మార్చి 4న చేసిన రెండో ప్రమాణ స్వీకార ప్రసంగం అంతా కలిపి 700 మాటలకు కాస్త అటూ ఇటూ. రెండు పక్షాలూ ఒకే బైబిలు చదువుతున్నాయి, ఒకే దేవునికి ప్రార్థిస్తున్నాయి, ఏ ఒక్కరి ప్రార్థనా పూర్తిగా నెరవేరలేదు, సర్వశక్తుని ఉద్దేశాలు ఆయనవే అంటాడు అందులో. బానిసత్వపు పాపాన్ని దక్షిణాదికే అంటగట్టకుండా దేశం మొత్తం మీద వేస్తాడు. మే 4న స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఓక్ రిడ్జ్ శ్మశానంలో సమాధి చేసేటప్పుడు ఈ ప్రసంగాన్నే చదివి వినిపించారు. ఆ నెలంతా పీఠాల మీద వినబడ్డ చాలా మాటల కన్నా అది లోతైనది.

ఇక కృతజ్ఞత సంగతి. 1863 అక్టోబరు 3న లింకన్ సంతకంతో వచ్చిన కృతజ్ఞతా దిన ప్రకటన పాఠాన్ని రాసింది విదేశాంగ మంత్రి సివార్డ్. అలాంటి జాతీయ దినం కావాలని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసిన సంపాదకురాలు సేరా జోసెఫా హేల్ అంతకు కొద్ది రోజుల ముందే అధ్యక్షుడికీ రాసింది. జులైలో గెటిస్‌బర్గ్‌లో మూడు రోజుల పోరులో రెండు వైపులా కలిపి 50,000 మంది దాకా చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగిన ఏడాది అది. అలాంటి ఏడాదిలో కృతజ్ఞత ఎలా చెల్లిస్తారు? ఆ ప్రకటన నిర్మాణం చూస్తే తెలుస్తుంది. మొదట అందిన మేలులు పేరుపేరునా వస్తాయి: పొలాల పంట, గనుల్లోని ఇనుము, బొగ్గు, ఆగని నాగలి, మగ్గం, ఓడ, విదేశాలతో చెడని శాంతి. ఇవి ఏ మనిషి చేతితోనూ వచ్చినవి కావని ఆ తర్వాత చెబుతుంది. చివర జనాన్ని రెండు పనులు చేయమంటుంది. దేశం చేసిన వక్రతకు, అవిధేయతకు తగ్గింపుతో పశ్చాత్తాపపడాలి. విధవలను, అనాథలను, దుఃఖంలో ఉన్నవాళ్లను దేవునికి అప్పగించాలి. అంటే స్తుతి, ఒప్పుకోలు, విజ్ఞాపన మూడూ ఒకే తాడుగా పేనారు. స్తుతి ఒక్కటే ఉంటే చావులు జరిగిన ఇంట్లో అది చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది.

లింకన్ మాట ఇచ్చిన 1865 కృతజ్ఞతా దినం ఏమైందో కూడా చూడాలి. జాన్సన్ మొదట మే 25ను సంతాప దినంగా ప్రకటించాడు. ఆ రోజు ఆరోహణ దినమని, ప్రభువు ఆరోహణాన్ని ఎందరో క్రైస్తవులు సంతోషంగా ఆచరిస్తారని ఎవరో గుర్తుచేసి ఉండాలి. ఏప్రిల్ 29న ఆ కారణమే చెప్పి తేదీని జూన్ 1కి మార్చాడు. కృతజ్ఞతా దినం డిసెంబరు 7న జరిగింది. దుఃఖానికో రోజు, పండుగకో రోజు, స్తుతికో రోజు. మూడింటినీ ఒకే ఆదివారంలో కుక్కలేదు. మంత్రాలయాల్లో కూడా ఒక్కోసారి సంఘ పంచాంగం చూసేవాళ్లుంటారు!

అధికారుల కోసం ప్రార్థించడాన్ని బలవంతపు పని చేస్తే ఏమవుతుందో కూడా అదే ఏడాది అలబామాలో తేలింది. పౌర ప్రభుత్వం తిరిగి వచ్చేదాకా అధ్యక్షుడి కోసం చేసే ప్రార్థనను ఆరాధన క్రమంలో చదవవద్దని ఎపిస్కోపల్ బిషప్ విల్మర్ తన కాపరులకు చెప్పాడు. సెప్టెంబరులో సైన్యాధికారి వుడ్స్ బిషప్‌నూ, కాపరులనూ ప్రసంగించకుండా ఆపాడు. కొన్ని నెలల తర్వాత జాన్సనే ఆ ఉత్తర్వును తీసేయించాడు. తుపాకీ పెట్టి ఆమెన్ చెప్పించాలనుకున్నవాడిదీ తప్పే. రాజుల కోసం ప్రార్థించమన్న 1 తిమోతి 2 మాట రోమా చక్రవర్తుల కాలంలో రాసిందని మరిచి, నచ్చిన ప్రభుత్వం వచ్చేదాకా ప్రార్థనను పక్కనపెట్టినవాడిదీ తప్పే.

దాదాపు వందేళ్ల తర్వాత అమెరికాకు మళ్లీ అదే చిక్కు వచ్చింది. 1963 నవంబరు 22 శుక్రవారం కెన్నెడీ హత్య, 25న అంత్యక్రియలు, 28న కృతజ్ఞతా దినం. ఆ ఏటి ప్రకటన మీద కెన్నెడీ నవంబరు మొదట్లోనే సంతకం చేసి ఉన్నాడు. కాబట్టి చనిపోయినవాడి పిలుపుతోనే జనం కృతజ్ఞతా ఆరాధనకు కూడారు.

తెలుగు సంఘాలకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు మరణించారు. హైదరాబాద్‌లో అంత్యక్రియలు జరిగింది సరిగ్గా క్రిస్మస్ రోజున. 2024 డిసెంబరు 26న మన్మోహన్ సింగ్ మరణించారు. ప్రభుత్వం ప్రకటించిన ఏడు రోజుల సంతాపం జనవరి 1 దాకా సాగింది. అంటే ఏడాదంతటికీ దేవునికి కృతజ్ఞత చెల్లించే డిసెంబరు 31 రాత్రి ఆరాధన, కొత్త సంవత్సర ఆరాధన రెండూ ఆ వారంలోనే పడ్డాయి. ఆ సంతాపంలో జెండా అవనతం, అధికారిక వినోద కార్యక్రమాల రద్దు ఉంటాయే గానీ గుడిలో ఆరాధన మీద నిషేధమేమీ ఉండదు. ఆరాధన ఆపనక్కరలేదు. అర్ధరాత్రి టపాసులు, వీధిలో సౌండ్ బాక్సులు, స్టేజీ మీద కేకు కోయడం మానుకుంటే సరిపోతుంది.

క్రైస్తవుడు కాని నాయకుడి గురించి గుడిలో ఏం మాట్లాడాలి అని పెద్దలు తడబడతారు. యెషయా 45 పారసీక రాజు కోరెషు గురించి మాట్లాడటానికి తడబడలేదు. తనను ఎరుగని రాజును కూడా దేవుడు తన పనికి వాడుకున్నాడని నేరుగా అంటుంది. అతని ఆత్మ గమ్యం గురించి తీర్పు చెప్పదు. ఆ హద్దులోనే ఆగడం మేలు. పరలోకానికి పంపించేయడం, నరకంలో పడేయడం రెండూ కాపరి పని కావు.

కృతజ్ఞత చెల్లించేటప్పుడు ‘దేశానికి ఎంతో సేవ చేశారు’ లాంటి మాట ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ తగలదు. అందిన మేలు పేరు చెప్పాలి. మన్మోహన్ సింగ్ విషయంలో పల్లె సంఘానికి వెతుక్కోవలసిన పనే లేదు. ఉపాధి హామీ పథకాన్ని ఆయన 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఏడాదికి 100 రోజుల పని అన్నది అప్పటి హామీ. కరువు పనికి వెళ్లి వచ్చిన చేతులే ఆదివారం కానుక సంచిలో వేస్తున్నాయి కాబట్టి ఆ మాట విన్నవాళ్లు తలూపుతారు. పి.వి. విషయంలో 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం ఉంది. అందులో చదివినవాళ్లు, ఆ తర్వాత వచ్చిన గురుకులాల్లో చదివినవాళ్లు చాలా సంఘాల్లో దొరుకుతారు.

అదే ప్రార్థనలో అందనిదీ చెప్పాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. మన్మోహన్ పదవీకాలమంతా ఆ సిఫారసు అలాగే ఉండిపోయింది. బాబ్రీ మసీదును కూల్చిన 1992 డిసెంబరు 6 పి.వి. హయాంలోనిదే. వీటిని నిందగా కాక దేవుని ముందు విలాపంగా చెప్పవచ్చు. 2005 ఆగస్టులో మన్మోహన్ రాజ్యసభలో 1984 సిక్కుల ఊచకోతకు సిగ్గుతో తల వంచి క్షమాపణ అడిగారు. చనిపోయినవాళ్లు తామే ఒప్పుకున్నదాన్ని సంఘం దాచాల్సిన పనిలేదు. సౌలు చనిపోయినప్పుడు దావీదు పాడిన విలాపం (2 సమూయేలు 1) దీనికి మంచి కొలత. తనను చంపడానికి తిరిగినవాడు ఆడపడుచులకు ఎర్రని బట్టలు కట్టించాడని దావీదు గుర్తుచేసుకుంటాడు. దేవుడు సౌలును ఎందుకు పడగొట్టాడన్న మాట ఆ పాటలో ఒక్కటీ రాదు.

ఒక గంట సంస్మరణ కూటమికి క్రమం ఇలా వేసుకోవచ్చు. మొదట 2 నిమిషాల మౌనం, ఆపైన 90వ కీర్తన గానీ 146వది గానీ చదవాలి. పేరు పెట్టి చెప్పే మూడు మేలులతో కృతజ్ఞతా ప్రార్థనకు 5 నిమిషాలు. ఒప్పుకోలు ప్రార్థన తప్పక ఉండాలి. అది లేకపోతే కూటమి పొగడ్తల సభ అవుతుంది. వాక్యం 15 నిమిషాలు దాటకూడదు. యెషయా 6 బాగా పనికొస్తుంది, ఉజ్జియా రాజు చనిపోయిన ఏడాదే ప్రవక్తకు సింహాసనం మీద ప్రభువు కనబడ్డాడు. విజ్ఞాపన నలుగురి కోసం: మృతుని కుటుంబం, బాధ్యత తీసుకునే కొత్తవారు, ఆ పాలనలో నష్టపోయినవారు, హత్య అయితే నిందితులు. చివరిది పలకడానికి నోరు రాదు, అందుకే ముందే కాగితం మీద రాసుకోవాలి. రోమా 12 పగతీర్చుకోవద్దని, ఏడ్చేవారితో ఏడవమని ఒకే అధ్యాయంలో చెబుతుంది.

ఎక్కువగా చెడేది మైకు దగ్గరే. స్థానిక నాయకుడు వస్తారు, రెండు ముక్కలని 40 నిమిషాలు తీసుకుంటారు, వాక్యానికి 5 నిమిషాలు మిగులుతాయి. మాట్లాడేవారు ఇద్దరు, ఒక్కొక్కరికి 3 నిమిషాలు అని పెద్దలు ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. పిలిచే పని కాపరి మీద పెట్టకూడదు, రేపు ఆయన ఆ ఊళ్లోనే బతకాలి. పార్టీ కండువాలు, జెండాలు గేటు బయటే ఆగాలి. ప్రార్థనా స్థలంలో రాజకీయ ప్రచారాన్ని 1988 నాటి చట్టమే నిషేధిస్తుంది, ఆ సంగతి మర్యాదగా చెబితే ఎవరూ నొచ్చుకోరు. ఫొటో పెట్టాలనుకుంటే ప్రభు భోజన బల్ల మీద కాక, పీఠానికి పక్కన విడి స్టూలు మీద పెట్టాలి. దండ వేయాలా, కొవ్వొత్తి వెలిగించాలా అన్నది బాప్టిస్టు సంఘంలో ఒకలా, సీఎస్ఐలో ఒకలా, కథోలిక గుడిలో మరోలా ఉంటుంది. చనిపోయినవారి ఆత్మ కోసం ప్రార్థించడంలోనూ అంతే. అన్ని సంఘాలూ కలిసి జరిపే కూటమి అయితే అందరికీ కుదిరే హద్దు ఒకటుంది: మృతుని కోసం కాక, మృతుని బట్టి కృతజ్ఞత.

ఆ తర్వాతి ఆదివారం విజ్ఞాపన ప్రార్థన కాగితంలో కొత్త నాయకుడి పేరు చేరిందో లేదో సంఘ కార్యదర్శి చూసుకోవాలి. చాలాచోట్ల పాత పేరు నెలల తరబడి అలాగే చదివేస్తుంటారు. నచ్చని పార్టీవాడు గెలిస్తే ‘పాలకులందరినీ’ అని గంపగుత్తగా దాటేయడమూ ఉంది.